చిత్రాన్ని చదివే విద్య

ఏలూరు జిల్లా కైకలూరు మండలంలో, కొల్లేరు నడుమ పెద్దింట్లమ్మ కొలువైన గ్రామం కొల్లేటికోట. ఇటువంటి పల్లెలోని బిడ్డకు క్యాన్సర్ సోకితే, అది ఎంతవరకు వ్యాపించినదో తెలుసుకొనుటకు పెట్-సీటీ పరీక్షకై నగరానికి వెళ్ళవలసివస్తుంది. సీటీ శరీర నిర్మాణాన్ని చూపుతుంది. పెట్ కణాలు గ్లూకోజును గ్రహించే తీరును తెలుపుతుంది. ఈ రెండు చిత్రాలను జోడించి చూచుటే హైబ్రిడ్ ఇమేజింగ్.

అయితే పెద్దల శరీరానికి వర్తించే సూత్రాలన్నీ పసివారికి వర్తించవు. బాల్యంలో థైమస్ గ్రంథి, ఎముకలు పెరిగే చోట్లు సహజంగానే గ్లూకోజును గ్రహించి చిత్రంలో ప్రకాశిస్తాయి. చలి తగిలినపుడు గోధుమవర్ణపు కొవ్వు కూడా అట్లే వెలుగుతుంది. అనుభవం చాలని వైద్యుడు ఆ వెలుగును వ్యాధిగా భ్రమిస్తే, బిడ్డ అనవసర చికిత్సకు గురికావచ్చును. పైగా పసి కణాలపై రేడియేషన్ ప్రభావం అధికం. కనుక బిడ్డ బరువును బట్టి మోతాదును పరిమితం చేయవలెను.

ఒకే ఆసుపత్రిలో ఇటువంటి బాలరోగులు కొద్దిమందే కనిపిస్తారు. ఆ కొరతను తీర్చునవే ఆన్‌లైన్ పాఠాలు. వియన్నా కేంద్రంగా గల అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 'హ్యూమన్ హెల్త్ క్యాంపస్' అను వెబ్‌సైటు ద్వారా వైద్యులకు ఇటువంటి శిక్షణ సామగ్రిని అందిస్తున్నది. అభ్యాసకుడు చిత్రాన్ని పరిశీలించి తన నిర్ణయం చెప్పి, నిపుణుల నిర్ణయంతో పోల్చుకొని, పొరపాటును రోగి ఎదుట కాక పాఠంలోనే దిద్దుకొనగలడు.

యంత్రం నగరంలోనే ఉండవచ్చు. దాని చిత్రాన్ని చదివే నేర్పు మాత్రం ఏ ఊరి వైద్యునికైనా అందుతుంది. కొల్లేటికోట బిడ్డకు రక్ష ఆ నేర్పే.