నిలిచిపోయిన సొమ్ము

అంగడిలో సరుకూ సొమ్మూ ఒకేసారి చేతులు మారుతాయి. అంతర్జాల వాణిజ్యంలో ఆ సౌలభ్యం లేదు. కొనేవారు ఒక దేశంలో, అమ్మేవారు మరొక దేశంలో ఉండవచ్చు; ఒకరి ముఖం మరొకరు ఎరుగరు. ఆ ఉభయుల నడుమ పూచీగా నిలిచేవి చెల్లింపు సంస్థలు. 1998లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ప్రారంభమై, అనంతరం పేపాల్ అనే పేరుతో ప్రసిద్ధి చెందిన సంస్థ వాటిలో ముఖ్యమైనది.

క్రెడిట్ కార్డుతో చెల్లించిన వ్యక్తి తనకు సరుకు అందలేదని ఫిర్యాదు చేస్తే, అతని బ్యాంకు ఆ సొమ్మును వెనక్కు రాబట్టుకొంటుంది. దీనిని చార్జ్‌బ్యాక్ అంటారు. అప్పటికే విక్రేత డబ్బు తీసుకొని మాయమైతే నష్టం చెల్లింపు సంస్థ నెత్తిన పడుతుంది. 2000 ప్రాంతంలో దొంగ కార్డుల మోసగాళ్లు పేపాల్‌ను తీవ్రంగా నష్టపరిచారు. వారిని పసిగట్టడానికి సంస్థాపకులలో ఒకరైన మాక్స్ లెవ్‌చిన్ బృందం ఒక ప్రోగ్రామును రూపొందించి, తమను వేధించిన ఒక మోసగాని మారుపేరైన 'ఇగోర్'నే దానికి పెట్టింది!

అయితే యంత్రానికి అంకెలే కాని మనుషులు కనబడరు. కొంతకాలం నమ్మకంగా అమ్మి, ఒక్కసారిగా వందల ఆర్డర్లు స్వీకరించి పరారయ్యేవాని లెక్కా, నిజంగానే గిరాకీ పెరిగిన వర్తకుని లెక్కా దానికి ఒకే తీరున తోస్తాయి. మైన్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆట అమ్మకాలు ఊపందుకొన్న వేళ, 2010 సెప్టెంబరులో, దాని రూపకర్త, స్వీడన్ దేశీయుడైన మార్కస్ పెర్సన్ ఖాతాను పేపాల్ స్తంభింపజేసింది. అందులో ఉన్నది సుమారు 6 లక్షల యూరోలు.

పేరున్నవాడు కనుక ఆయన గోడు లోకానికి వినిపించింది. చిన్న వర్తకుని సంగతి ఏమిటి? ఆ ఖాతాలోని సొమ్ముతోనే అతడు కొత్త సరుకు తేవాలి, తపాలా ఖర్చు భరించాలి. సొమ్ము ఆగితే సరుకు పంపలేడు. సరుకు అందనివారు ఫిర్యాదు చేస్తారు. ఆ ఫిర్యాదులే తొలి అనుమానానికి సాక్ష్యాలవుతాయి! పేపాల్ నిబంధనల ప్రకారం సొమ్మును 180 రోజుల వరకు నిలిపి ఉంచవచ్చు.

కారణం వెల్లడిస్తే మోసగాళ్లు తప్పించుకొనే దారి నేర్చుకొంటారన్నది ఇటువంటి సంస్థల వాదన. అందులో కొంత నిజం లేకపోలేదు. కాని ఏ నేరమో తెలియనివాడు తన నిర్దోషిత్వాన్ని ఎట్లా నిరూపించుకోగలడు? ఈ విధంగా విసిగిన ఖాతాదారులు 2002లో కాలిఫోర్నియాలోని న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. 2004లో పేపాల్ 92 లక్షల 50 వేల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకొని రాజీపడింది. తప్పు చేసినట్లు మాత్రం అంగీకరించలేదు.