పంచాయతి కార్యాలయమునకు రౌటరు, స్విచ్చి: ఎన్నుకొను విధానము

వైనతేయపై గన్నవరము అక్విడక్టు 1850 దశాబ్దమున నిర్మింపబడగా నగరము దీవికి కాలువ నీరు చేరెను. అయినను కాలువ నిండుగా పారినంతమాత్రమున చేను తడువదు. బోదె ఇరుకైనచో నీరు ముందుకు సాగదు. ఫైబరు తీగపై వచ్చు ఇంటర్నెట్టును ఇట్టిదే. పంచాయతులకు ఫైబరు చేర్చు పథకమునకు కేంద్రము 2011లో ఆమోద మొసగెను. అదియే నేటి భారత్‌నెట్. ఇక లోపలి బోదెను సరిచూచుకొనుట మన పని.

రౌటరు బయటి తీగను లోపలి యంత్రములతో కలుపును. స్విచ్చి ఆ వేగమును పంచునే గాని పెంచదు.

ముందుగా యంత్రములను లెక్కింపవలెను. కంప్యూటర్లు, ప్రింటర్లు కలిసి ఆరైనచో, రౌటరు కొరకు ఒకటి చేర్చి ఏడు పోర్టులు కావలెను. 8 పోర్టుల స్విచ్చి చాలును. ప్రతి పోర్టును గిగాబిట్, అనగా సెకనుకు 1000 మెగాబిట్ల వేగము గలదై యుండవలెను. 300 మెగాబిట్ల కనెక్షను తీసికొని 100 మెగాబిట్ల పోర్టు గల రౌటరు నుంచినచో, తక్కిన 200కు చెల్లించు రుసుము గ్రామనిధికి నష్టమే.

తీగ కేట్-5ఇ లేక కేట్-6 రకముదై, 100 మీటర్లకు మించకుండవలెను. వైర్‌లెస్‌లో 5 గిగాహెర్ట్జ్ వేగవంతము, 2.4 గిగాహెర్ట్జ్ నెమ్మదియైనను గోడలు దాటి దూరము పోవును.

కొత్తవి కొనుటకు ముందు ఒక కంప్యూటరును తీగతో నేరుగా రౌటరునకు తగిల్చి వేగము పరీక్షింపుడు. పూర్తి వేగము కనబడినచో లోపము స్విచ్చిలోనో తీగలోనో కలదు. రౌటరు మార్చుట వృథా. ఈ పరీక్ష జరిగిన పిమ్మటనే కొనుగోలు తీర్మానము చేయవలెనని సభ్యులను కోరుచున్నాము.