పాత ఆయిల్ చూడనిదే కొత్త ఆయిల్ పోయొద్దు

ఇంజన్ ఆయిల్ సంగతి కారున్న ప్రతివాళ్ళకూ తెలుసు. గేర్‌బాక్స్‌లో ఆయిల్, రేడియేటర్‌లో కూలెంట్ మాత్రం బండి నాంపల్లి స్టేషన్ ముందు పొగలు కక్కుతూ ఆగిపోయిననాడే గుర్తొస్తాయి. అంబాసిడర్ రోజుల నుంచి, మారుతి 800 మీదుగా, ఇప్పటి చిన్న కారు దాకా ఈ రెండు పనులూ ఆబిడ్స్‌లో మా బిల్డింగ్ సెల్లార్‌లోనే చేసుకుంటూ వచ్చాను. నాలుగు డబ్బులు మిగులుతాయి, ఆ మాటకేం. నాకు ఇందులో అసలు లాభం వేరే కనిపిస్తుంది. సర్వీసింగ్‌కిస్తే బిల్లులో పోసినదాని ధర రాసిస్తారు. లోపల్నుంచి ఏం దిగిందో చూపించేవాడు ఉండడు. బండి గుట్టంతా ఆ దిగినదాంట్లోనే ఉంటుంది. గోషామహల్‌లో నాకు పానా పట్టడం నేర్పిన మిస్త్రీ ఎప్పుడూ ఒకటే అనేవాడు: "పహ్లే పురానా తేల్ దేఖో, సాబ్." ముందు పాత ఆయిల్ చూడమని. మా తమ్ముడి కొడుకు కొత్తగా ఒక పాత కారు కొని వెంటపడితే, వాడికి చెప్పినవే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

1. పోసే బోల్టు ఊడాకే దించే బోల్టు మీద చెయ్యి వెయ్యాలి.

గేర్‌బాక్స్‌కు సాధారణంగా రెండు బోల్టులుంటాయి. అడుగున ఉన్నది ఆయిల్ దించడానికి, పక్కన కాస్త పైన ఉన్నది పోయడానికి. పై బోల్టు ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టక తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంటుంది. మా పక్క ఫ్లాట్ ఆయన ఆదివారం పొద్దున్నే హుషారుగా కిందిది విప్పి ఆయిలంతా దించేశాడు. పై బోల్టు తలేమో పానాకు అరిగి గుండ్రంగా తేలింది. చుక్క ఆయిల్ లేని గేర్‌బాక్స్‌తో బండి కదలకూడదు, ఆదివారం మెకానిక్ దొరకడు. ముందు పైది విప్పి చూసుకుని, అది రాకపోతే కారు నడిచే స్థితిలో ఉండగానే మిస్త్రీ దగ్గరకు తీసుకెళ్ళొచ్చు. ఇది చెప్తే మావాడు, "పెదనాన్నా, యూట్యూబ్‌లో పది నిమిషాల్లో అయిపోయింది కదా" అన్నాడు. "వాడి బోల్టుకు తుప్పు లేదురా" అన్నాను.

2. కూలెంట్ చల్లగా ఉన్నప్పుడు, గేర్ ఆయిల్ వెచ్చగా ఉన్నప్పుడు.

రెండూ ఒకే పూట పెట్టుకుంటే వరస ఇదే. తెల్లారి బండి స్టార్ట్ చెయ్యకముందే కూలెంట్ దించి, కొత్తది పోసి, ఆపైన ఇంజన్ నడిపి గాలి తీసేయాలి. తర్వాత మోజంజాహీ మార్కెట్ దాకా వెళ్ళి వస్తే గేర్ ఆయిల్ పల్చబడి, అడుగున పేరుకున్న మడ్డితో సహా దిగుతుంది. చలికాలం పొద్దున చల్లటి గేర్ ఆయిల్ దింపబోతే సగం గోడలకే అంటుకుని ఉంటుంది.

రేడియేటర్ మూత సంగతి వేడి మీద ఎవరూ మరిచిపోకూడదు. మూత మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది, చూడండి. అంత ఒత్తిడితో లోపలి నీటిని అది నొక్కిపెడుతుంది కాబట్టే 100 డిగ్రీల దగ్గర మరగాల్సిన నీరు 120 దాకా మరగకుండా ఆగుతుంది. వేడి మీద మూత తిప్పారా, ఒత్తిడి ఒక్కసారిగా పోయి లోపలున్నదంతా ఆ క్షణానే మరిగి మొహం మీదికి ఎగజిమ్ముతుంది. గుడ్డ చుట్టి తిప్పితే ఏం కాదనేవాళ్ళు చాలామంది ఉన్నారు. గుడ్డ అరచేతిని కాపాడుతుందేమో గాని కళ్ళను కాపాడదు.

3. జాకీ ఎత్తడానికే. బండి నిలబడాల్సింది స్టాండ్ల మీద.

డిక్కీలో వచ్చే జాకీ టైరు మార్చుకోవడానికి ఇచ్చింది. దాని మీద ఎత్తిన బండి కిందికి దూరితే ప్రాణం పందెం కాసినట్టే. ఇటుకలు పెట్టినా అంతే, బరువు పడ్డాక చెప్పకుండా పగులుతాయి. జాంబాగ్, పుత్లీబౌలి ఆటో దుకాణాల్లో స్టాండ్ల జత అడిగితే ఇస్తారు, కొని పెట్టుకోండి. సెల్లార్ ర్యాంపు మీద ఈ పని వద్దు. వాలులో నిలబెడితే బండికీ ప్రమాదం, ఆయిల్ మట్టమూ తప్పు చూపిస్తుంది. మారుతి 800 లాంటి గేర్‌బాక్స్‌లో పక్క రంధ్రం అంచు తాకేదాకా ఆయిల్ పోయడమే కొలత; ముందు చక్రాలొక్కటే ఎత్తి పోస్తే ఆ కొలత చెడుతుంది. ఎత్తితే నాలుగు వైపులా సమంగా ఎత్తాలి.

4. దిగినదాన్ని వెలుతురులో పెట్టి చూడాలి.

దీని కోసమే ఇంత చాకిరీ. వెడల్పాటి తెల్ల ప్లాస్టిక్ బేసిన్ ఒకటి ఈ పనికే కేటాయించండి. నల్ల తొట్టిలో రంగు తెలియదు.

గేర్ ఆయిల్ వాడకంతో నల్లబడటం మామూలే. దించే బోల్టుకు అయస్కాంతం ఉంటే దాని కొసన బూడిదరంగు మెత్తటి పేస్టు అంటి ఉంటుంది. దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దండి. కాటుకలా జారిపోతే పళ్ళు సహజంగా అరిగిన పొడి, దిగులు పడక్కర్లేదు. గరగరమని తగిలినా, గోటికి అందే పలుకులు కనిపించినా లోపల బేరింగో పళ్ళో ఊడుతున్నాయి. అప్పుడు కొత్త ఆయిల్ పోసి మురిసిపోకుండా గేర్‌బాక్స్ విప్పించాలి. ఇత్తడి రంగు మెరుపు ఎక్కువగా కనిపిస్తే, గేర్లను సాఫీగా కలిపే సింక్రో రింగుల అరుగుదల. గేరు వేసేటప్పుడు గర్‌మనడం కూడా ఉంటే అనుమానమే లేదు. ఆయిల్ తెల్లబారి దిగితే నీళ్ళు చేరాయని. 2020 అక్టోబర్ వానలకు సెల్లార్లలో మునిగిన కార్లు కొన్ని అమ్మకానికి వచ్చినప్పుడు, ఇంజన్ ఆయిల్ మార్చి తళతళా తుడిచి పెట్టినవాళ్ళు గేర్‌బాక్స్ జోలికి పోలేదు. గేర్‌బాక్స్‌కు ఊపిరి పీల్చే చిన్న గొట్టం ఒకటుంటుంది, నీళ్ళలో మునిగితే అది నీళ్ళే తాగుతుంది. సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్ళకు దీన్ని మించిన పరీక్ష నాకు తెలియదు.

ఎంత దిగిందో కూడా కొలవండి. చిన్న కార్ల మాన్యువల్ గేర్‌బాక్స్ రెండు లీటర్ల చుట్టుపక్కల పడుతుంది. ఒకటిన్నరే దిగితే మిగతాది ఏ సీల్ నుంచో కారిపోతున్నట్టు.

కూలెంట్ తుప్పు రంగులో దిగితే లోపల ఇనుమును తుప్పు తినేస్తోంది. పైన నూనె తెట్టు తేలితే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం పెట్టుకోవాలి. ఆటోమేటిక్ కార్లలో ఇంకోటి ఉంది. చాలావాటిలో గేర్ ఆయిల్‌ను చల్లార్చే గొట్టం రేడియేటర్ తొట్టి లోపలే ఉంటుంది. అది చిల్లుపడితే రెండూ కలిసి అచ్చం రోజ్‌మిల్క్‌లా దిగుతాయి. చూడటానికి బాగానే ఉంటుంది గాని ఆ గేర్‌బాక్స్ ఎక్కువ రోజులుండదు. కూలెంట్, గేర్ ఆయిల్ రెండింటినీ ఒకే పూట చూడమనడం అందుకే.

5. గండిపేట నీళ్ళ మీద అభిమానం రేడియేటర్ దాకా వద్దు.

1908 మూసీ వరద తర్వాత గండిపేట దగ్గర ఉస్మాన్‌సాగర్ కట్టారు, 1920 నుంచి ఊరు ఆ నీళ్ళు తాగింది. గండిపేట నీళ్ళు తాగినవాడు ఊరు విడిచిపోడని అనేవాళ్ళు. అంబాసిడర్ కాలంలో ఆ నీళ్ళే రేడియేటర్‌లోనూ పోశాం. రాగి, ఇత్తడి రేడియేటర్, వెడల్పాటి గొట్టాలు, కాబట్టి నడిచిపోయింది. కారితే గుప్పెడు పసుపు వేసి దారి గడుపుకున్న లారీ డ్రైవర్లూ ఉన్నారు. ఇప్పుడు రేడియేటర్ అల్యూమినియం, దారులు సన్నం. పసుపు పోస్తే కారే చిల్లుతో పాటు పారే దారీ మూసుకుపోతుంది.

ఇప్పటి అపార్ట్‌మెంట్లలో సగం బోరు నీళ్ళే. గీజర్ కాయిల్‌కు పట్టే తెల్ల చెక్కు చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు, ఇంజన్ లోపలా అదే పడుతుంది. పైగా నీటిలోని క్లోరైడ్లు అల్యూమినియాన్ని గుంటలు గుంటలుగా కొరుకుతాయి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ క్యాన్ తెచ్చుకుని, కూలెంట్ సగం, నీళ్ళు సగం కలపడం మంచిది. కలిపి అమ్మేది కొంటే నీళ్ళు పోయొద్దు. డబ్బా మీద చదవకుండా దాన్నీ సగానికి పలచన చేసేవాళ్ళను చూశాను.

"మనకు మంచు పడదు కదా, కూలెంట్ ఎందుకు" అనేవాళ్ళకు ఒక మాట. గ్లైకాల్ గడ్డకట్టకుండా ఆపడమే కాదు, మరిగే వేడినీ పెంచుతుంది. దాంట్లో కలిపే మందులు తుప్పును ఆపుతాయి, కాలం గడిస్తే అరిగిపోయేవి ఆ మందులే. అందుకే రంగు బాగానే ఉన్నా గడువుకు మార్చాలి. మంచు లేకున్నా ఇంజన్ వేడి తప్పదు. నుమాయిష్ ప్రదర్శన రోజుల్లో ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ దారిలో ఫస్ట్ గేరులో పాకుతూ ఒక సాయంత్రం గడిపి చూడండి, రేడియేటర్ ఫ్యాన్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.

6. రంగు చూసి కొనొద్దు.

ఆకుపచ్చది ఒక రకం, ఎర్రది ఒక రకం అని దుకాణంలో కుర్రాడు చెప్తాడు. రంగులకు అందరూ ఒప్పుకున్న కట్టుబాటు లేదు, ఏ కంపెనీ ఇష్టం దానిది. రెండు రకాల మందులు కలిస్తే ఒక్కోసారి జిగురులా గడ్డకడతాయి. బండితో వచ్చిన పుస్తకంలో ఏ రకం రాసిందో ఆ పేరు చెప్పి అడగండి. గేర్ ఆయిల్‌కూ అంతే. పుస్తకం జీఎల్-4 అంటే జీఎల్-4 పొయ్యాలి. "జీఎల్-5 ఇంకా పెద్దది సార్" అంటే తలూపొద్దు. దాంట్లో ఎక్కువగా ఉండే గంధకం మందు కొన్ని గేర్‌బాక్స్‌ల ఇత్తడి రింగులకు పడదు.

నకిలీ సరుకు గురించి కూడా జాగ్రత్త. సీల్, బ్యాచ్ నంబర్ చూసి, బిల్లు అడిగి తీసుకోండి. ఖాళీ డబ్బాకు మేకుతో నాలుగు పోట్లు పొడిచాకే పాతసామాన్లవాడికి వెయ్యండి. చిల్లు లేని మంచి డబ్బా మళ్ళీ నిండి బజారుకొస్తుంది.

7. కూలెంట్ పోశాక గాలి తియ్యాలి.

పోస్తూ పోస్తూ నిండిందని మూత బిగిస్తే లోపల గాలి బుడగ మిగిలిపోతుంది. కేబిన్ హీటర్ పూర్తి వేడికి తిప్పి, మూత తీసే ఉంచి, చల్లటి ఇంజన్ స్టార్ట్ చెయ్యండి. 80 డిగ్రీలు దాటాక థర్మోస్టాట్ తెరుచుకుంటుంది, మట్టం గుటుక్కున దిగుతుంది. మళ్ళీ పోసి, బుడగలు ఆగాక మూత వెయ్యండి. కొన్ని కార్లలో గాలి తీసే చిన్న స్క్రూ వేరే ఉంటుంది. ఏసీ మీదే ఉండే మన ఊళ్ళో హీటర్ వైపు ఎవరూ చూడరు, అందుకే ఇది మరిచిపోతారు.

8. అన్ని గేర్‌బాక్స్‌లూ ఇంట్లో విప్పేవి కావు.

మాన్యువల్ అయితే ఇంట్లోనే చెయ్యండి. 2014లో సెలెరియోతో మన దేశానికొచ్చిన ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్)లోనూ గేర్‌బాక్స్ మామూలుదే, గేర్ ఆయిల్ మామూలుదే. గేరు మార్చే యంత్రంలోని ద్రవం మాత్రం వేరు, దాన్ని కదిలించొద్దు. సీవీటీ, పూర్తి ఆటోమేటిక్ అయితే షెడ్డుకివ్వడమే నయం. చాలావాటిలో మట్టం చూడాలంటే ఆయిల్ ఒక నిర్ణీత వేడిలో ఉండాలి, అది కంప్యూటర్ పెట్టి చూసేది. పైగా బోల్టు విప్పితే మొత్తం దిగదు, టార్క్ కన్వర్టర్‌లో చాలా మిగిలిపోతుంది.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ ఎంత సుకుమారమంటే, అమెరికాలో ఒకప్పుడు దాంట్లో తిమింగలం నూనె కలిపేవాళ్ళు. 1970ల మొదట్లో అది నిషేధమై వేరే మందులకు మారాక కొన్నాళ్ళు గేర్‌బాక్స్‌లు పాడైపోయాయి. "జీవితాంతం మార్చక్కర్లేదు" అని కంపెనీ చెప్పినా, ఎవరి జీవితాంతమో అడగండి. షెడ్డుకిచ్చినా పక్కన నిలబడి దిగినదాన్ని చూడండి. వద్దనే షెడ్డుకు నేను రెండోసారి పోను.

9. సెల్లార్‌లో డబ్బాలు పేర్చొద్దు, నాలాలో పారబోయొద్దు.

2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకున్నాయి. అక్కడ కారు బాగుచేస్తుండగా రవ్వ పడిందని అప్పట్లో అధికారులు చెప్పారు. పై అంతస్తుల్లో కనీసం తొమ్మిది మంది పోయారు. మా బిల్డింగ్‌లో ఆ మర్నాడే సెల్లార్ మూలలు ఖాళీ చేయించాం. కావలసినంతే కొనండి. పని జరిగేచోట బీడీ, వెల్డింగ్ రెండూ వద్దు. నీరు ఆవిరైపోతే కూలెంట్‌లోని గ్లైకాల్ కూడా మండుతుంది.

కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. సెల్లార్‌లో తిరిగే పిల్లికి చెంచాడు చాలు ప్రాణం పోవడానికి. ఒలికిన చోట వెంటనే నీళ్ళు కొట్టి తుడవాలి, బేసిన్ మూతలేకుండా వదలకూడదు. పాత ఆయిల్‌ను క్యాన్‌లో పట్టి మెకానిక్ షెడ్డు డ్రమ్ములో పోయించండి, దాన్ని శుద్ధి చేసేవాళ్ళు కొంటారు. కూలెంట్‌ను దాంట్లో కలపొద్దు, వేరే క్యాన్‌లో పట్టి తీసుకునే వర్క్‌షాప్‌కు ఇవ్వాలి. మోరీలో పోస్తే ఏమవుతుందంటారా? 2022 డిసెంబర్‌లో గోషామహల్ చాక్నవాడిలో రోడ్డు కుంగి బండ్లు, దుకాణాల సామాన్లు లోపల పడ్డప్పుడు చాలామందికి తెలిసింది, తాము నిలబడింది నాలా మీదని. మనం పోసేదంతా ఆ దారినే మూసీకి పోతుంది.

10. వారం ఆగి మళ్ళీ చూడాలి.

బోల్టు వాషర్ కొత్తది వెయ్యండి, పాతది అణిగిపోయి ఉంటుంది. పానాకు గొట్టం తగిలించి బలమంతా పెట్టి బిగిస్తే అల్యూమినియం మరలు తెగుతాయి. తేదీ, కిలోమీటర్లు అట్టముక్క మీద రాసి బానెట్ కింద కట్టండి. నాలుగైదు రోజులు బండి నిలిపే చోట పాత పేపర్ పరిచి పొద్దున్నే చుక్కలు పడ్డాయేమో చూడండి. చల్లటి ఇంజన్ మీద కూలెంట్ సీసాలో మట్టం మొదటిసారి కాస్త తగ్గితే మిగిలిన గాలి పోయిందనుకుని నింపండి. రెండోసారీ తగ్గితే మాత్రం నింపుకుంటూ పోకండి, ఎక్కడ కారుతోందో వెతకండి.