ఇంటి కంప్యూటరును దూరమునుండి నడుపుట

కోనసీమయందలి మోరి గ్రామమునకు 2016 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఫైబరు గ్రిడ్ తీగె చేరినది. నేడు డెల్టాలో కొబ్బరితోటల నడుమనున్న యిండ్లకును బ్రాడ్‌బ్యాండు కలదు. రాజమహేంద్రవరమున వసతిగృహమునందుండి ఇంటి కంప్యూటరును తెరచి చూచుకొనవచ్చునా యని విద్యార్థులు కొందరు మమ్మడిగిరి. చూచుకొనవచ్చును. మేము చేసి చూచితిమి, తప్పులును చేసితిమి.

ఇంటికి బయటనుండి కనబడు చిరునామా సాధారణముగా నొక్కటే. లోపలి కంప్యూటరునకు, ఫోనులకు రూటరు వేరువేరు అంకెలను పంచియిచ్చును. వసతిగృహమునకు వచ్చిన ఉత్తరముపై గది సంఖ్య లేనిచో వార్డెనుగారు దాని నెవరికిత్తురు? ఆ గది సంఖ్యవంటిదే పోర్టు సంఖ్య. విండోసు రిమోట్ డెస్క్‌టాపునకది 3389. (హోము రకపు విండోసును ఇట్లు బయటినుండి నడుపుటకు వీలులేదు, ప్రో రకము కావలెను.) ఈ సంఖ్యకు వచ్చినదానిని ఫలానా కంప్యూటరున కిమ్మని రూటరునకు చెప్పియుంచుటయే పోర్టు ఫార్వర్డింగు. అంతకుముందే ఆ కంప్యూటరు లోపలి అంకె మారకుండ రూటరులో స్థిరపరుపవలెను.

ఇదియంతయు చేసి పాఠశాలనుండి ప్రయత్నింపగా తలుపు తెరచుకొనలేదు. రెండు సాయంకాలములు రూటరును నిందించితిమి. దోషము దానిది కాదు. రూటరు పుటలో బయటి చిరునామా 100.64 మొదలు 100.127 వఱకు గల వరుసలోనిదై యుండెను. పాత పద్ధతి చిరునామాలు ప్రపంచమున కంతకును 430 కోట్లకు లోపే. ఆసియా పసిఫిక్ ప్రాంతమున వాని ధారాళమైన పంపిణీ 2011 ఏప్రిలులో ముగిసినది. అందుచే కంపెనీలు పెక్కిండ్లకు ఒకే బయటి చిరునామాను పంచుచున్నవి. పై వరుస 2012లో అందులకే ప్రత్యేకింపబడినది. ధవళేశ్వరమున హెడ్‌స్లూయిసు తెరవనిదే మన పొలము తూమెత్తి యేమి లాభము? రుసుము చెల్లించి కంపెనీవారినుండి స్థిరమైన చిరునామాను పొందవలసివచ్చెను. ఖర్చు వలదనువారు క్రోము రిమోట్ డెస్క్‌టాపును వాడవచ్చును. అందు ఇంటి కంప్యూటరే ముందుగా బయటికి పలుకును గనుక తూముతో పనిలేదు.

తలుపు తెరచుకొనినది. కాని మరునాటి ఉదయమున కంప్యూటరు దినచర్యను చూడగా, ఎవరో అపరిచితులు రాత్రియంతయు సంకేతపదమును మరల మరల ఊహించి చూచినట్లు తెలిసెను. అందు మా విద్యార్థుల మార్కులు కలవు! తత్క్షణమే 3389ను మూసితిమి. సంకేతపదము గట్టిదైనంత మాత్రమున చాలదు: 2019 మేలో వెల్లడియైన బ్లూకీపు లోపము సంకేతపదముతో పనిలేకయే పాత విండోసులలో చొరబడనిచ్చునట్టిది.

ఇప్పుడు మేము వైర్‌గార్డు అను మార్గమును వాడుచున్నాము. రూటరులో ఆ సదుపాయమున్నచో 51820 అను నొక్క యు.డి.పి. పోర్టు చాలును. తాళపుచెవి లేనివాడు తట్టినచో నది బదులే పలుకదు; అచట తలుపున్నదనియే వానికి తెలియదు. చెవిగలవారు లోపలికి వచ్చిన పిదపనే రిమోట్ డెస్క్‌టాపును తెరతురు.

మరియొకటి. కరెంటు పోయి వచ్చినపుడు కంప్యూటరు తనంతట మేల్కొనునట్లు బయాసులో అమర్చవలెను. మేమది మరచి, పొరుగింటి పిల్లవానిని ఫోనులో బ్రతిమాలి బొత్తాము నొక్కించుకొంటిమి.