రెండవ ద్వారము

ఒక గ్రామమునకు ఒకే దారి యున్నచో, వాగు పొంగిన దినమున ఆ గ్రామము లోకమునకు దూరమగును. రెండవ దారి యున్నచో రాకపోకలు సాగుచునే యుండును. కీడెంచి మేలెంచవలెనని పెద్దలు చెప్పుట యిందులకే. ఈ ముందుచూపు కంప్యూటరుల విషయమునను మిక్కిలి అవసరము.

ఇతర కంప్యూటరులు కోరిన సమాచారమును అందించు కంప్యూటరును సర్వరు అందురు. దానికి కేబులు తగిలించు చోటునకు నెట్‌వర్కు పోర్టు అని పేరు. ఇట్లు కంప్యూటరులను కలుపు ఈథర్‌నెట్ పద్ధతిని 1973వ సంవత్సరమున అమెరికాలోని జిరాక్సు సంస్థవారి పరిశోధనాలయమున రాబర్టు మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ అనువారు రూపొందింప మొదలిడిరి. పోర్టు నుండి బయలుదేరిన కేబులు స్విచ్ అను పరికరమును చేరును. ఏ కంప్యూటరు ఏ కేబులు చివర నున్నదో గుర్తెఱిగి, సమాచారమును తగిన చోటికి పంపుట స్విచ్ పని.

ఒక ఆసుపత్రిలో రోగుల వివరములన్నియు ఒక సర్వరునందు కలవనుకొందము. అర్ధరాత్రి దాని పోర్టు చెడిపోయినది. సర్వరు నడచుచునే యున్నది. వివరములు భద్రముగానే యున్నవి. కాని రోగికి ఏ మందు సరిపడదో వైద్యుడు తెలిసికొనగోరినచో తెరపై ఏమియు కనబడదు. ధాన్యము నిండిన గాదెకు తలుపు బిగుసుకొనిపోయినట్లగును.

ఇట్టి ఆపదను తప్పించుటకు సర్వరునకు రెండు పోర్టులమర్తురు. కంప్యూటరులను నడపు లినక్సు అను వ్యవస్థయందు బాండింగు అను సౌకర్యము కలదు. అది రెండు పోర్టులను జతపఱచి, బయటివారికి ఒక్కటిగా చూపును. అందలి ఒక విధానమున ఒక పోర్టు పనిచేయుచుండును. రెండవది సిద్ధముగా వేచియుండును. పోర్టులు బాగుగానున్నవో లేదో సర్వరు మాటిమాటికి పరీక్షించును. ఈ పరీక్షకు 100 మిల్లీసెకనుల వ్యవధిని నియమించుట వాడుక. అనగా సెకనునకు 10 మార్లు. మొదటి పోర్టు పనిచేయుట మానినదని తెలిసిన వెంటనే రెండవది ఆ భారమును స్వీకరించును. సర్వరు చిరునామా మారదు. తాను ఇకమీదట ఈ త్రోవన నుందునని తెలుపు చిన్న సందేశమును సర్వరు తానే పంపును. దానిని గ్రహించి స్విచ్ త్రోవ మార్చుకొనును. వైద్యునకు పని ఆగినట్లే తోచదు.

అయితే రెండు పోర్టులున్నంత మాత్రమున నిశ్చింతగా నుండరాదు. రెండు దారులును ఒకే వాగును దాటవలసియున్నచో వరదలో రెండును మూసికొనును. అట్లే రెండు కేబులులను ఒకే స్విచ్‌నకు తగిలించినచో, ఆ స్విచ్ చెడినప్పుడు రెండును వ్యర్థములే. రెండు పోర్టులును ఒకే కార్డుపై నున్నను ఇదే చిక్కు. కావున కార్డులును స్విచ్‌లును వేర్వేరుగా నుండవలెను. మఱియు, పోర్టు వద్ద దీపము వెలుగుచున్నను స్విచ్‌నకు ఆవలి త్రోవ తెగియుండవచ్చును. దానిని కనిపెట్టుటకు, ఆవలనున్న యంత్రమును పలుకరించి బదులు వచ్చుచున్నదో లేదో చూచు పద్ధతి వేఱుగా కలదు.

అన్నిటికంటె పెద్ద ప్రమాదము మఱొకటి. మొదటి పోర్టు చెడినను పని ఆగలేదు గనుక ఎవరును గమనింపకపోవచ్చును. ఆ క్షణము నుండి సర్వరునకు మిగిలినది ఒక్క ద్వారమే. అదియు చెడినచో ఆదుకొనునది లేదు. కావున సర్వరు బాధ్యత వహించు ఉద్యోగి హెచ్చరిక తనకు చేరునట్లు ఏర్పాటు చేసికొనవలెను. చెడిన దానిని వెంటనే మార్పింపవలెను. పని తక్కువగా నున్న వేళ, అందఱికి ముందుగా తెలిపి, పనిచేయుచున్న కేబులును ఊడదీసి, రెండవది నిలుచునో లేదో అప్పుడప్పుడు పరీక్షింపవలెను.

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వబూనుట అవివేకము. ముందే బావి త్రవ్వియుంచి, అందు నీరున్నదో లేదో చూడకుండుటయు అంతే.

ప్రశ్నలు

1. సర్వరు నడచుచున్నను వైద్యునకు వివరములు అందకపోవుటకు కారణమేమి?
2. రెండు కేబులులను ఒకే స్విచ్‌నకు ఏల తగిలింపరాదు?
3. మొదటి పోర్టు చెడిన పిమ్మట ఉద్యోగి చేయవలసిన పనులెవ్వి?