పెట్టె కన్నా కాపీ ముఖ్యం

పులివెందుల



ప్రొద్దుటూరులో స్టూడియో నిలదొక్కుకుంటోందని, పాటలన్నీ ఒకచోట దాచడానికి నాస్ పెట్టె (నెట్‌వర్కుకు తగిలించే డిస్కుల పెట్టె) కొనాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. చేతిలో ఉన్న డబ్బు ఎక్కడ పెట్టాలో చెబుదామని రాస్తున్నా.

ముందు లెక్క వేసుకో. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక మోనో ట్రాకుకు నిమిషానికి సుమారు 8.6 ఎంబీ పడుతుంది. 16 ట్రాకులతో గంటసేపు రికార్డు చేస్తే 8.3 జీబీ. నెలకు అలాంటివి 20 గంటలు చేసినా ఏడాదికి 2 టీబీ. అంటే 4 టీబీ రెండేళ్ళు వస్తుంది. ఆ 16 ట్రాకులకు సెకనుకు 2.3 ఎంబీ వేగం చాలు. మామూలు గిగాబిట్ నెట్‌వర్కు 110 దాకా ఇస్తుంది. పది గిగాబిట్ స్విచ్చి తీసుకోమని ఎవరన్నా వద్దను. రికార్డింగు కంప్యూటర్లోని ఎస్ఎస్‌డీ మీదే చేసి, సెషన్ అయ్యాక నాస్‌కు పంపు.

పెట్టె రెండు డిస్కులు పట్టేదైతే చాలు: సినాలజీ డీఎస్223జె, క్యూనాప్ టీఎస్-233 లాంటివి. పాత కంప్యూటరుకు ఓపెన్‌మీడియావాల్ట్ ఎక్కించుకోవచ్చు, అది ఉచితం. కానీ 60 వాట్లు లాగే పాత డబ్బా రాత్రింబవళ్ళు నడిస్తే నెలకు 43 యూనిట్లు కాలుతుంది. చిన్న పెట్టెకు అందులో మూడోవంతు సరిపోతుంది.

పొదుపు పెట్టె దగ్గర చెయ్యి, డిస్కుల దగ్గర వద్దు. ఎస్ఎంఆర్ డిస్కుల్లో డేటా రాసే ట్రాకులు ఇంటి పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి ఉంటాయి. తిరగరాయాలంటే పక్కవాటినీ రాయాలి. చెడిన డిస్కు మార్చి కొత్తది నింపేటప్పుడు ప్రాణం తీస్తాయి. వెస్టర్న్ డిజిటల్ రెడ్ డిస్కుల్లో కొన్ని అలాంటివని 2020లో బయటపడింది. రెడ్ ప్లస్, సీగేట్ ఐరన్‌వుల్ఫ్ సీఎంఆర్ రకం, అంటే ట్రాకులు ఒకదాని మీద ఒకటి ఎక్కనివి. వాటిలో 4 టీబీవి రెండు, బిల్లుతో, వారంటీతో తీసుకో.

మన ఎండలు నీకు చెప్పక్కర్లేదు. పెట్టెను బీరువాలో మూసిపెట్టకు, మైకున్న గదిలోనూ పెట్టకు; డిస్కుల రొద రికార్డింగులోకి వస్తుంది. క్యాట్-6 తీగ 100 మీటర్ల దాకా లాగొచ్చు కాబట్టి గాలాడే పక్కగదిలో ఉంచు. కరెంటు పోతే పెట్టె తనంతట తాను ఆగిపోయేలా, యూఎస్‌బీ తీగతో కలిసే యూపీఎస్ చూసుకో.

ఇక అసలు మాట. రెండు డిస్కులనూ, రాసిందే రెండిట్లోనూ రాసే రెయిడ్ 1లో పెడితే ఒకటి చెడినా రెండోది నడుస్తుంది. అయితే నువ్వు పొరపాటున చెరిపింది రెండిట్లోనూ చెరిగిపోతుంది. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే వైరస్ ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన క్యూనాప్ పెట్టెల్లో దూరి, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. నీ పెట్టె ఏ కంపెనీదైనా సరే, రూటర్లో దానికి బయటినుంచి దారి తెరవకు.

అందుకే రెండు యూఎస్‌బీ డిస్కులు కూడా కొను. ఒకటి స్టూడియోలో, ఒకటి జమ్మలమడుగులో మీ అమ్మ దగ్గర. ఇంటికి వెళ్ళినప్పుడల్లా మార్చుకో. రెండు చోట్ల ఎందుకంటే, 2021 నవంబరులో అన్నమయ్య డ్యామ్ తెగి చెయ్యేరు నది ఊళ్ళమీద పడింది; నీ స్టూడియో ఉన్నది పెన్న ఒడ్డు ఊళ్ళో. ఒకే కప్పు కింద ఎన్ని కాపీలున్నా ఒక్కటి కిందే లెక్క. ఏడాది చివర, పూర్తయిన పాటల కాపీ ఒకటి నాకూ పంపు. నెలకోసారి కాపీ డిస్కు నుంచి ఒక పాత సెషన్ తెరిచి విను. తెరుచుకోని కాపీ లేనట్టే.

ఇంత పట్టు ఎందుకంటే, నీ దగ్గరికి వచ్చేది చెక్కభజన గురువులు, కోలాటం జట్లు, హరికథ చెప్పే పెద్దలు. మన తాళ్ళపాక అన్నమయ్య 32 వేల సంకీర్తనలు రాశాడంటారు. రాగిరేకుల మీద దొరికినవి అందులో సగం కూడా కావు. దొరికినవాటికీ రాగం పేరు మిగిలింది గానీ, ఆయన పాడిన వరుస మిగల్లేదు. ఆ రోజుల్లో గొంతును దాచే దారి లేదు. నీకుంది. నిన్ను నమ్మి పాడినవాళ్ళ గొంతు పదేళ్ళ తర్వాత వాళ్ళ మనవలు అడిగితే తీసి ఇవ్వగలగాలి.

డబ్బు చాలకపోతే పెట్టె ఆర్నెల్లు ఆగనీ, యూఎస్‌బీ డిస్కులు రెండూ ఈ వారమే కొను. నాస్ డిస్కులకు డబ్బు కట్టేముందు మోడల్ నంబరు నాకు పంపు, చూసి చెబుతా.

నీ మేలుకోరే
మేనమామ