ఉమ్మడి గోడకు ఉమ్మడి రక్షణ

పాత పట్నాల్లో చాలా వీధుల్లో ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఇటు ఇంటి దూలం అటు ఇంటి గోడలో దిగి ఉంటుంది. వీధి అరుగు ఈ చివర మొదలై ఆ చివరి దాకా తెగకుండా సాగుతుంది. అలాంటి వరుసలో ఒకరు తమ ఇంటిని బిల్డర్‌కు అమ్మారనుకుందాం. ఆయన దాన్ని పడగొట్టి ఐదంతస్తులు లేపుతానంటే మిగిలినవారికి చట్టం ఏ మేరకు అండగా ఉంటుంది? ‘నూరేళ్ల కట్టడం కదా, పురావస్తు శాఖ చూసుకుంటుంది’ అని కొందరి ధీమా. ‘ఎవరి ఇల్లు వారిష్టం, మనమేం చేయగలం’ అని మరికొందరి నిస్పృహ. ఈ రెండు నమ్మకాలూ సరైనవి కావు. వరుస ఇళ్లను నిలబెట్టగల శక్తి పురపాలక, నగరాభివృద్ధి చట్టాల కింద ఇచ్చే వారసత్వ గుర్తింపుకు ఉంది. అయితే ఆ గుర్తింపు విడి ఇంటికి కాక వీధి మొత్తానికి దక్కాలి. దానివల్ల యజమాని కోల్పోయేదాన్ని నగరం పంచుకోవాలి. ఈ రెండింట్లో ఏది లోపించినా జాబితా కాగితం మీదే ఉండిపోతుంది.

పాత కట్టడాలకు మన దేశంలో మూడంచెల రక్షణ ఉంది. మొదటిది 1958 నాటి కేంద్ర ప్రాచీన కట్టడాల చట్టం. నూరేళ్లకు తక్కువ కాని వయసు, జాతీయ ప్రాముఖ్యం ఉన్నవాటికే ఇది వర్తిస్తుంది. 2010 సవరణ ప్రకారం అలాంటి కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపై మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. రెండో అంచె రాష్ట్ర చట్టాలది: ఆంధ్రప్రదేశ్‌లో 1960 నాటి చట్టం, తెలంగాణలో 2017 వారసత్వ చట్టం. చార్మినార్ లాంటి కట్టడానికి ఈ పద్ధతి సరిపోతుంది. అక్కడ ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచడమే పని. కాపురాలున్న ఇంటికి అది కుదరదు. వంటగది మారాలి, స్నానాల గది కొత్తగా కట్టుకోవాలి, పెళ్లయిన కొడుక్కి పైన ఒక గది కావాలి. అందుకే పురపాలక, నగరాభివృద్ధి చట్టాల కింద మూడో అంచె పుట్టింది. ముంబయిలో 1995లో వచ్చిన వారసత్వ నిబంధనలు, అదే ఏడాది చివర హైదరాబాద్ జోనింగ్ నిబంధనల్లో చేరిన 13వ నిబంధన ఈ కోవలోవి. కేంద్రం 2016లో వెలువరించిన నమూనా భవన నిబంధనల్లోనూ దీనికి ఒక అధ్యాయం ఉంది. ఇక్కడ కట్టడాలను మూడు శ్రేణులుగా విడదీస్తారు. మొదటి శ్రేణిలో లోపలా బయటా మార్పులు దాదాపు ఉండవు. రెండో దానిలో లోపలి మార్పులకు వీలుంటుంది. మూడో దానిలో వీధి రూపానికి భంగం కలగనంత వరకు మరింత వెసులుబాటు దొరుకుతుంది. సాధారణ కాపురపు ఇళ్లకు తగినది ఎక్కువగా ఈ మూడో శ్రేణే.

గుర్తింపు వీధి మొత్తానికి ఎందుకు ఇవ్వాలంటే, వరుస ఇల్లు ఒంటరిగా నిలబడేది కాదు. అహ్మదాబాద్ కోట లోపలి ‘పోళ్’ ఇళ్లను చూడండి. ఇరుకైన ముఖద్వారం, లోతుగా సాగే ఇల్లు, మధ్యలో గాలీ వెలుతురూ దించే చౌక్, కింద వాన నీటి తొట్టె, ఇటూ అటూ పొరుగువారితో కలిసిన గోడలు, వాటిని పట్టి ఉంచే చెక్క చట్రం. మధ్య ఇంటిని తీసేస్తే రెండు వైపులా ఆధారం పోతుంది. అక్కడ ఎత్తైన భవనం లేస్తే పక్క చౌకుల్లోకి వెలుతురు తగ్గుతుంది. ఆ నష్టం పడగొట్టినవారిది కాదు, పక్కవారిది. దీనికి మామూలు చట్టంలో కొంత పరిష్కారం లేకపోలేదు. ఒక కట్టడానికి పొరుగు కట్టడం ఆధారంగా ఉంటూ 20 ఏళ్లు నిరాటంకంగా, హక్కుగా గడిస్తే ఆ ఆధారం చట్టబద్ధమైన హక్కు అవుతుందని 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలోని 15వ సెక్షన్ చెబుతోంది. వెలుతురు, గాలి, దారి వంటి హక్కులకు 1963 లిమిటేషన్ చట్టం 25వ సెక్షన్‌లో కూడా ఇలాంటి ఏర్పాటే ఉంది. కానీ ఈ హక్కును ఎవరికి వారు సివిల్ కోర్టుకెళ్లి, సాక్ష్యాలు చూపి నిలబెట్టుకోవాలి. గెలిచినా మీ గోడ మిగులుతుందే తప్ప వీధి మిగలదు. వీధిని వారసత్వ ప్రాంతంగా ప్రకటిస్తే, కూల్చివేతకు అనుమతి అడిగిన రోజే, పడగొట్టనివ్వాలా వద్దా అన్న ప్రశ్న ఆ నిబంధనల కింద ఏర్పడే వారసత్వ కమిటీ ముందుకు వస్తుంది. ప్రొక్లెయినర్ వచ్చాక పరుగులు పెట్టే పరిస్థితికి, ప్లాను బల్ల మీద ఉండగానే అడ్డుచెప్పే అవకాశానికి ఉన్న తేడా ఇదే.

దీనికి మొదటి అభ్యంతరం ఆస్తిహక్కు నుంచి వస్తుంది. నేను కొనుక్కున్న ఇంటిని పడగొట్టుకోవద్దనే అధికారం మున్సిపాలిటీకి ఎక్కడిదని యజమాని అడగడంలో తప్పు లేదు. చట్టప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ లాక్కోరాదని రాజ్యాంగంలోని 300ఎ అధికరణం హామీ ఇస్తోంది. అయితే లాక్కోవడం వేరు, వాడకానికి హద్దు పెట్టడం వేరు. రోడ్డుకు ఇంత దూరం వదలాలి, ఇంతకు మించి ఎత్తు కట్టరాదు, నివాస ప్రాంతంలో ఫ్యాక్టరీ పెట్టరాదు అనే ఆంక్షలను ఇప్పటికే ఒప్పుకుంటున్నాం. వారసత్వ గుర్తింపు అదే కోవలోది. ఇల్లు మీ పేరు మీదే ఉంటుంది, అమ్ముకోవచ్చు, అద్దెకివ్వచ్చు, పిల్లలకు రాసివ్వచ్చు. ఈ వాదన అమెరికాలో అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. న్యూయార్క్ నగరం 1965లో వారసత్వ చట్టం చేసుకుని, ఆ ఏడాదే బ్రూక్లిన్ హైట్స్‌లోని వరుస ఇళ్ల పేటను తన తొలి చారిత్రక ప్రాంతంగా ప్రకటించింది. అదే చట్టం కింద గ్రాండ్ సెంట్రల్ రైల్వే స్టేషన్ మీద యాభైకి పైగా అంతస్తుల భవనం కట్టనివ్వకపోవడాన్ని యజమాని కంపెనీ సవాలు చేసింది. 1978లో ఆ దేశ సుప్రీంకోర్టు 6–3 మెజారిటీతో నగరాన్ని సమర్థించింది. స్టేషన్ మామూలుగా నడుస్తూనే ఉందని, కట్టుకోలేని విస్తీర్ణాన్ని సమీపంలోని ఇతర స్థలాలకు బదలాయించుకునే వీలుందని కోర్టు గమనించింది. ఆ తీర్పు మన కోర్టులను కట్టడి చేయదు. అయినా దాని తర్కం మనకు పనికొస్తుంది: ఆంక్ష పెట్టినా ఆస్తి వాడుకకు పనికివచ్చేలా ఉండాలి, పోయినదానికి ఏదో ఒక బదులు ఉండాలి.

మన యజమాని చేతిలో ఇంకో ఆయుధం కూడా ఉంది. కోల్‌కతా మున్సిపల్ కార్పొరేషన్ భూసేకరణ కేసులో 2024 మేలో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు 300ఎ అధికరణంలో ఏడు ఉపహక్కులు ఇమిడి ఉన్నాయంది. ముందుగా నోటీసు అందుకోవడం, తన అభ్యంతరం వినిపించడం, కారణాలతో కూడిన ఉత్తర్వు పొందడం అందులో మొదటి మూడు. ఆ కేసు సేకరణ గురించే అయినా, ఇంటిని జాబితాలో చేర్చేటప్పుడూ యజమాని ఈ మూడింటినీ పట్టుబట్టి అడగాలి. నమూనా భవన నిబంధనలు కూడా జాబితాను ఖరారు చేసేముందు అభ్యంతరాలు, సూచనలు పిలవాలనే చెబుతున్నాయి. నోటీసు లేకుండా చేర్చిన ఇల్లు కోర్టులో జాబితా నుంచి జారిపోవచ్చు. కాబట్టి సరైన పద్ధతి పాటించడం యజమానికెంత మేలో, ఇల్లు మిగలాలని కోరుకునే పొరుగువారికీ అంతే మేలు.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం డబ్బుది. సున్నపు గచ్చు, బర్మా టేకు దూలం, పెంకుల కప్పు మరమ్మతు చేయించడానికి అయ్యే ఖర్చు మామూలు కుటుంబం భరించలేనిది. పక్క వీధిలో స్థలాలు అపార్ట్‌మెంట్లయి కోట్లు పలుకుతుంటే, ఈ వీధివారిని మాత్రం సంస్కృతి పేరిట ఆగమనడం అన్యాయమే. ఇది ఒప్పుకోవాల్సిన మాట. అందాన్ని ఊరంతా అనుభవిస్తూ ఖర్చు ఒక్కరి నెత్తిన పెట్టే చట్టం ఎక్కువకాలం నిలవదు. ఇంటిని నిర్లక్ష్యం చేసి, అదే కూలిపోయేదాకా ఎదురుచూసేలా యజమానిని ఆ చట్టమే పురిగొల్పుతుంది. దారులు మాత్రం ఉన్నాయి. అహ్మదాబాద్ నగరపాలక సంస్థ జాబితాలోని ఇళ్ల యజమానులకు, ఇంటిని బాగుచేయాలన్న షరతు మీద, అభివృద్ధి హక్కుల బదిలీ (టీడీఆర్) పత్రాలు ఇస్తోంది. వాటిని నగరంలో మరోచోట కట్టుకునేవారికి అమ్ముకుని, వచ్చిన డబ్బుతో మరమ్మతులు చేయించుకోవచ్చు. ఆ కోట నగరానికి 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. పుదుచ్చేరిలో వైశ్యాళ్ వీధి ఇంకో దారి చూపింది. అక్కడి తమిళ వరుస ఇళ్ల ముఖభాగాలను యూరప్ సహాయ నిధులతో, యజమానుల వాటాతో ఒకేసారి బాగుచేశారు. ఆ పనికి 2008లో యునెస్కో ఆసియా–పసిఫిక్ వారసత్వ పురస్కారం దక్కింది. ముందుగదిని దుకాణంగానో, అతిథి గృహంగానో మార్చుకోనివ్వడం, ఆస్తిపన్ను తగ్గించడం కూడా నగరాల చేతిలో ఉన్న పనులే.

హైదరాబాద్‌కు వచ్చేసరికి టీడీఆర్‌లో ఒక చిక్కుంది. రోడ్డు వెడల్పులో స్థలం పోయినవారికి ఇచ్చే టీడీఆర్ బాండ్లు తెలుగువారికి కొత్తేమీ కాదు. కానీ ఆ బాండుకు గిరాకీ ఉండాలంటే, కొనేవాడికి మామూలుగా కట్టుకోలేని విస్తీర్ణం అంటూ ఒకటి ఉండాలి. హైదరాబాద్‌లో 2006 నిబంధనల నుంచి ఎఫ్‌ఎస్‌ఐ (స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చన్న) పరిమితి లేకుండా, రోడ్డు వెడల్పునూ స్థలం విస్తీర్ణాన్నీ బట్టి ఎత్తుకు అనుమతులిస్తూ వచ్చారు. కోరినంత కట్టుకునే వీలున్నచోట ఇంకొకరి హక్కు కొనుక్కునే అవసరం తక్కువ. అందువల్ల అహ్మదాబాద్ పద్ధతిని ఉన్నదున్నట్టు ఇక్కడికి తెస్తే సరిపోదు. నేరుగా మరమ్మతు నిధి, పన్ను మినహాయింపు, వాడకం మార్పు అనుమతి కలిపి అడగాలి.

మూడో అభ్యంతరం ప్రాణాలకు సంబంధించినది. పాత ఇళ్లు వానకు కూలి మనుషులు చనిపోతే బాధ్యత ఎవరిదంటారు. నిజంగా ప్రమాదకరమైన కట్టడాన్ని వారసత్వం పేరుతో ఎవరూ నిలబెట్టలేరు. హైదరాబాద్‌లో శిథిల భవనాలపై నోటీసులు ఇచ్చే అధికారం కార్పొరేషన్‌కు 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ చట్టంలోని 456వ సెక్షన్ కింద ఉంది. అయితే పాతదంతా ప్రమాదకరం కాదు, కొత్తదంతా భద్రమూ కాదు. 2001 భూకంపంలో అహ్మదాబాద్‌లో కూలినవాటిలో బహుళ అంతస్తుల కాంక్రీటు అపార్ట్‌మెంట్లు చాలా ఉన్నాయి. ‘శిథిలం’ అనే ముద్ర ఒక్కోసారి అద్దెదారును ఖాళీ చేయించడానికీ, జాబితా నుంచి ఇంటిని తప్పించడానికీ అక్కరకొస్తుంది. అందుకే నోటీసు రాగానే స్ట్రక్చరల్ ఇంజినీరు నివేదిక ఏదని అడగండి, దాని నకలు తీసుకోండి, బాగుచేస్తే సరిపోతుందా అనే ప్రశ్నకు రాతపూర్వక జవాబు కోరండి.

ఒక్క జీవోతో ప్రభుత్వం మొత్తం తీసిపారేస్తే ఏం చేస్తారని చివరగా అడుగుతారు. అది హైదరాబాద్‌లో జరిగిందే. 1995లో వచ్చిన 13వ నిబంధనను 2015 డిసెంబరులో తొలగించారు. 2017లో కొత్త వారసత్వ చట్టం వచ్చినా, పాత జాబితాలోని నగర భవనాల గతేమిటన్న అయోమయం మిగిలింది. 2019లో శాసనసభ కొత్త భవనం కోసం ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను పడగొట్టాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించినప్పుడు విషయం హైకోర్టుకు చేరింది. అదే ఏడాది సెప్టెంబరులో కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. నిబంధన పోయినా, నగరాభివృద్ధి సంస్థ చట్టం కింద ఆ భవనానికి రక్షణ పోలేదనీ, ఆ సంస్థ అనుమతి తీసుకోకుండా కూల్చడం కుదరదనీ తేల్చింది. అది నవాబుల కాలపు భవంతి, పైగా ప్రభుత్వం చేతిలో ఉన్నది. అయినా కాపురపు ఇళ్లకూ అందులో పాఠం ఉంది. ఊరికే అచ్చువేసిన జాబితా కంటే, నగర ప్రణాళికలో చట్టబద్ధంగా కూర్చున్న జాబితాను కదిలించడం కష్టం. అలాగని హైదరాబాద్ పాత జాబితా ఆదర్శమేమీ కాదు. అందులో ప్యాలెస్‌లు, దేవిడీలు, ప్రభుత్వ భవనాలు, ప్రార్థనా స్థలాలదే పైచేయి. సామాన్యుల వరుస ఇళ్లకు చోటు బహు తక్కువ. ఆ లోటును పూడ్చాల్సింది వాటిలో ఉంటున్నవారే.

అందుకు దారి ఇది. ముందుగా మీ వీధి ఏ జాబితాలోనైనా ఉందేమో, మాస్టర్ ప్లాన్‌లో దాన్ని ఏ జోన్‌లో చూపారో పట్టణ ప్రణాళిక విభాగాన్ని సమాచార హక్కు చట్టం కింద అడగండి. మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి. తర్వాత వీధిలోని యజమానులంతా కలిసి, వీలైతే అద్దెదారులనూ చేర్చుకుని, ఒకే అర్జీ పెట్టండి. దానికి పాత దస్తావేజులు, ఉమ్మడి గోడలు గుర్తించిన నక్షా, ముఖభాగాల ఫొటోలు జతచేయండి. ముసాయిదా మాస్టర్ ప్లాన్ వెలువడినప్పుడు ప్రకటనలో ఇచ్చిన గడువులోపే అభ్యంతరాలూ సూచనలూ ఇచ్చి రసీదు తీసుకోండి. ఈలోగా పొరుగు ఇంటి కూల్చివేత మీ గోడకు ముప్పు తెస్తుంటే, అనుమతి ఇచ్చే అధికారికి రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పి, సివిల్ కోర్టులో ఇంజంక్షన్ కోరవచ్చు. అధికారి చట్టాన్ని పక్కనపెడితే 226వ అధికరణం కింద హైకోర్టుకు వెళ్లవచ్చు. మహిళలకూ, ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. పరిమితికి లోబడిన ఆదాయం ఉన్న ఇతరులకూ ఆ సాయం దొరుకుతుంది.

ఆ అర్జీలో ‘మా వీధిని కాపాడండి’ అని మాత్రమే రాసి ఆగిపోవద్దు. ఏ మరమ్మతుకు ఎంత సాయం, ఆస్తిపన్నులో ఎంత తగ్గింపు, ఏ వాడకాలకు అనుమతి కావాలో అందులోనే పేరు పేరునా అడగండి. రక్షణ ఒక కాగితం మీద, పరిహారం ఇంకో కాగితం మీద నడిస్తే మొదటిది ఉత్తర్వుగా వస్తుంది, రెండోది ఫైలులో ఉండిపోతుంది. అమ్ముకోవాలనుకునే యజమానీ ఉండిపోవాలనుకునే పొరుగువారూ ఒకే అర్జీ మీద సంతకం పెట్టగలిగేది ఆ రెండూ కలిసి ఉన్నప్పుడే.